అలవోక తీర్పులు

రుచి యెవరిది వారిదే. ఒకరికి మామిడి ప్రీతి, మఱియొకరికి పనస ప్రీతి. ఇందు తగవులాడుకొనవలసిన పని లేదు. కాని పనసను మెచ్చువాడు మామిడితోపునకు కాలము చెల్లినదనియు, తోటమాలికి చేతగాకనే కాపు తగ్గినదనియు చాటినచో, ఆ మాట రుచి గాదు, తీర్పు. తీర్పు చెప్పువానికి సాక్ష్యము చూడవలసిన విధి కలదు. తోటకు వచ్చు కాలువ కడ్డుకట్ట వేసిన దెవరో విచారింపక తోటమాలిని నిందించువాడు రసికుడు గాడు, అన్యాయపు తీర్పరి.

ఈ మాటలు జాజ్ సంగీతప్రియులను గూర్చి వ్రాయుచున్నాను. అమెరికా దేశమున నల్లజాతివారు సృష్టించిన యీ సంగీతము నేడు మన పట్టణములలోని చదువుకొన్న యిండ్లలోనికి కూడ ఫోనుల మూలమునను, చలనచిత్రముల మూలమునను వచ్చి చేరినది. దానితోబాటు దాని యభిమానుల యభిప్రాయములును వచ్చినవి. అవి భోజనానంతరమున తాంబూలము నమలుచు చెప్పుకొను మాటలవలె నుండును. "ఆర్మ్‌స్ట్రాంగ్ తొలుత మహాకళాకారుడే, తరువాత విదూషకుడైనాడు." "మత్తుమందు లేనిచో పార్కర్ లేడు." "టెలివిజనులో జాజును జనులు కోరలేదు." "గురువు హింసింపనిదే విద్య రాదు. విప్లాష్ చిత్రము చూడుడు." "జాజ్ ఎప్పుడో చచ్చినది." ఇవి యెవరికిని నొప్పి కలిగింపని మాటలని తోచును. నేనట్లు తలపను. వీనిలో ననేకము ఆ రసికుని సొంత యభిప్రాయములే కావు. అతడేమి వినవలయునో, ఏమి చూడవలయునో, అతని కంటబడకుండ నేమి కత్తిరింపవలయునో నిర్ణయించిన వ్యాపారులును అధికారులును అతనికి తెలియకుండ అతని నోట బెట్టిన మాటలవి. దీనిని నిరూపించుటయే నా యుద్దేశము.

మొదట రికార్డుల సంగతి చూతము. జాజ్ ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో లూసియానా రాష్ట్రమందలి న్యూ ఆర్లియన్స్ నగరమున రూపు దాల్చినది. 1865లో బానిసత్వము రద్దయిన పిదప నల్లజాతివారి పనిపాటలు, ప్రార్థనాలయ గీతములు, బ్లూస్, రాగ్‌టైము, వీధి యూరేగింపుల బాకామేళములు ఇందు గలసినవి. మన సంగీతమున మనోధర్మమెట్టిదో, ఆ సంగీతమున అప్పటికప్పుడు కల్పించి వాయించుట అట్టిది. వ్రాసిన స్వరము ఊతకోల మాత్రమే, నడక వాద్యగానిది. అయినను జాజ్ అను పేర వెలువడిన తొలి రికార్డు 1917లో న్యూయార్కున వాయించినది తెల్లవారి బృందమగు ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్. న్యూ ఆర్లియన్స్ నుండి వచ్చిన నల్లజాతి వాద్యగాండ్ర బృందములు రికార్డున కెక్కుటకు మఱి యైదాఱేండ్లు పట్టినది: 1922లో కిడ్ ఓరీ బృందము, 1923లో కింగ్ ఆలివర్ బృందము. ఆలివర్ ప్రక్కన రెండవ కార్నెట్ వాయించిన యువకుడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మొదటి రికార్డే మొదటి సంగీతమని తలచుట వినువానికి సహజము. ఆ డిక్సీలాండ్ బృందనాయకుడైన నిక్ లరోకా తరువాతి కాలమున ఇంకను ముందుకు పోయి, ఈ సంగీతమును పుట్టించినవారు తెల్లవారే యని వాదించెను. గ్రామఫోను సంస్థ తన తలుపు ఎవరికి ముందు తెఱచినదో రికార్డు చెప్పును; ఎవరు ముందు వాయించిరో చెప్పదు.

ఇట్టిదే మఱియొక మోసము కలదు. 1945 ప్రాంతమున బీబాప్ అను క్రొత్త శైలి వెలువడినపుడు పాత జాజ్ ప్రియులనేకులు ఉలికిపడిరి. నిన్నటి దాక నాట్యమున కనువుగా నున్న సంగీతమును కొందఱు యువకులు ఒక్క రాత్రిలో విఱుగగొట్టిరని వారి యభియోగము. నిజమున కది యొక్క రాత్రిలో జరుగలేదు. హార్లెములోని మింటన్స్ ప్లేహౌస్‌లో థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్, డిజ్జీ గిలెస్పీ మొదలగువారు ఏండ్ల తరబడి సాధన చేసిరి. కాని 1942 ఆగస్టున వాద్యగాండ్ర సంఘము రికార్డు సంస్థలు తమ సభ్యులకు తగిన ప్రతిఫల మీయుట లేదని రికార్డులు చేయుట మానివేసినది. పెద్ద సంస్థలలో రెండు 1944 నవంబరు దాక రాజీకి రాలేదు. గిలెస్పీయు చార్లీ పార్కరును కలిసి వాయించిన 1943 నాటి ఎర్ల్ హైన్స్ బృందపు సంగీతము ఆ కారణముననే రికార్డు కెక్కలేదు. మధ్యనున్న మెట్లు వినబడనివానికి పై మెట్టు గంతువలె దోచినది. లోపము చెవికి చేరిన సరకునది. నింద మాత్రము వాద్యగానిది. ఎంత కాలముగ విన్నను, ఎన్ని రికార్డులు కూర్చుకొన్నను, వినబడని దొకటి యుండునన్న యెఱుక లేని రసికుడు ఇట్లే మోసపోవును.

ఇక చలనచిత్రములు. 1927లో ది జాజ్ సింగర్ అను చిత్రము వెలువడినది. సంభాషణలు వినిపించిన తొలి నిడివి చిత్రముగా చరిత్రలో దానికి గొప్ప స్థానము కలదు. పేరులో జాజ్ కలదు. తెరమీద నున్నది మొగమునకు మసి పూసికొని నల్లవాని వేషము గట్టిన ఆల్ జాల్సన్. ఆ యేటికి ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందములతో వెలువరించిన రికార్డులు సంగీతపు త్రోవనే మార్చివేయుచున్నవి. లోకమునకు జాజ్ అను పేరు చేరినది మసి మొగముతో. జాజ్ అను వస్తువు వేఱుచోట నుండెను. మూడేండ్ల తరువాత, 1930లో, కింగ్ ఆఫ్ జాజ్ అను రంగుల చిత్రము వచ్చినది. ఆ రాజు పాల్ వైట్‌మన్ అను తెల్ల బృందనాయకుడు. అతడు చెడ్డవాడు గాడు. 1924లో జార్జి గెర్ష్విన్ చేత రాప్సడీ యిన్ బ్లూ వ్రాయించి వినిపించినవాడు, మంచి వాద్యగాండ్రను పోషించినవాడు. కాని యా చిత్రపు చివరి ఘట్టమును జూడుడు. దేశదేశముల సంగీతములన్నియు నొక గొప్ప కొప్పెరలో గలసి జాజ్‌గా మాఱునట్లు చూపినారు. ఆ కొప్పెరలో ఐరోపా జాతు లనేకము గలవు, ఆఫ్రికా లేదు. వంట వండినవారిని విస్తళ్ల దగ్గఱకు రానీయక, వడ్డించినవాడే వండెనని చెప్పినట్లున్నది. "సినిమా సినిమాయే గదా, దానిలో చరిత్ర నేల వెదకవలయును?" అని మన రసికుడు నవ్వును. ఎందుకనగా చరిత్ర చదువనివారికి సినిమాయే చరిత్ర.

ఆర్మ్‌స్ట్రాంగ్ విదూషకుడైనాడన్న మాటకు వత్తము. అతని పెద్ద నవ్వును, చేతి రుమాలును, కనుగ్రుడ్లు త్రిప్పుటను జూచి నొచ్చుకొన్నవారిలో నల్లజాతి యువకులును గలరు. వారి నొప్పి నేను గ్రహింపగలను. కాని హాలీవుడ్డువారు నల్లజాతి కళాకారులకు తెరమీద ఏ స్థానమిచ్చిరో చూడక ఆ తీర్పు చెప్పరాదు. 1947లో న్యూ ఆర్లియన్స్ అను చిత్రము తీసిరి. జాజ్ పుట్టిన యూరి పేరు, జాజ్ పుట్టిన కథ. అందు ఆర్మ్‌స్ట్రాంగును గలడు, మహాగాయని బిల్లీ హాలిడేయు గలదు. కథ మాత్రము తెల్ల నాయికానాయకులది. హాలిడే కిచ్చిన వేషము పనికత్తె. ఆమె నటించిన నిడివి కథాచిత్ర మదొక్కటే. లీనా హార్న్ అను మఱియొక గాయని పాటలను ఎం.జి.ఎం. సంస్థవారు కథతో ముడిపడకుండ విడిగా చిత్రించుచుండిరి; దక్షిణ రాష్ట్రములలోని ప్రదర్శనశాలలకు నల్లనామె పాట గిట్టనిచో ఆ ముక్క కత్తిరించినను కథకు లోటు రాకుండుటకు. ఆ శాలలో కూర్చున్న ప్రేక్షకుడు "లీనా హార్న్ అంత గొప్పదా? నేనెన్నడును చూడలేదే" యనినచో అతడు అబద్ధమాడలేదు. అతని నిజాయితీగల యభిప్రాయమును కత్తెరయే తయారు చేసినది.

దీనికి తలక్రిందుగా నున్న యుదాహరణ మొకటి. 1944లో గ్యోన్ మిలీ అను ఛాయాగ్రాహకుడు జామిన్ ద బ్లూస్ అను పది నిమిషముల చిత్రము తీసెను. లెస్టర్ యంగ్ మొదలగు నల్లజాతి వాద్యగాండ్రను విదూషకులుగా గాక, తమ పనిలో మునిగిన విద్వాంసులుగా చూపిన అరుదైన చిత్రమది. ఆ బృందమున గిటారు వాయించిన బార్నీ కెస్సెల్ ఒక్కడే తెల్లవాడు. నల్లవారును తెల్లవాడును ఒక్క వేదికమీద సరిసమానముగా వాయించుట కొందఱు ప్రేక్షకుల కంటబడరాదు గాన, అతని యొడలి రంగు పోల్పరాకుండ అతనిని నీడలో నుంచి చిత్రించిరి. కళకు హద్దులు లేవని మనము సభలలో చెప్పుదుము. హద్దు ఇంచుమించుగా దీపము వెలుగు అంచు దగ్గఱ నుండెనని యీ చిత్రము చూపుచున్నది.

ఆ విదూషకుని కథ ముగియలేదు. 1957 సెప్టెంబరులో అర్కాన్సా రాష్ట్రపు లిటిల్ రాక్ నగరమున తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు ఉన్నత పాఠశాలలో ప్రవేశింపకుండ ఆ రాష్ట్ర గవర్నరు సైనికులను నిలిపెను. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ గవర్నరును, వెనుకాడుచున్న దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవరును పత్రికా విలేఖరి యెదుట తీవ్రముగా నిందించి, ప్రభుత్వము పక్షమున సోవియట్ రష్యాకు తలపెట్టిన సంగీతయాత్ర కిక పోనని చెప్పివేసెను. ఆ దినములలో అమెరికా ప్రభుత్వము జాజ్ బృందములను తన స్వాతంత్ర్యమునకు సాక్షులుగా దేశదేశములకు బంపుచుండెను; మన దేశమునకు 1958లో డేవ్ బ్రూబెక్, 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ వచ్చినది అట్లే. పరదేశముల యెదుట తనను ప్రదర్శించి, స్వదేశమున తన జాతి బిడ్డలకు బడి తలుపు మూసినవారి మాట నిరాకరించిన మనుజుడు విదూషకుడా? అతని కంటె గంభీరముగ మొగము పెట్టుకొన్నవా రనేకు లానాడు నోరు మెదపలేదు. నవ్వును జూచి మనస్సును కొలుచుట రసికత్వము గాదు.

మూడవ మాట మిక్కిలి విషపూరితము: మత్తుమందును దుఃఖమును గలిసి గొప్ప సంగీతమగునన్నది. పార్కర్ 1955 మార్చిలో, ముప్పదినాలుగవ యేట మరణించెను. శవమును జూచిన వైద్యుడు వయస్సు ఏబదికి పైబడినదని తలచెను. మత్తులో నున్నపుడు తాను బాగుగా వాయింతునన్న మాటను స్వయముగా పార్కరే ఖండించెను. అట్లు చెప్పు వాద్యగాడు అసత్యవాది యని యతని యభిప్రాయము. అతనిని విన్నవారు మాత్రము అతని మాటను వినరు! హాలిడేను గూర్చియు నిట్లే. మద్యము విక్రయించు సంగీతశాలలలో పాడుటకు న్యూయార్క్ నగరమున పోలీసువారి యనుమతిపత్రము కావలసి యుండెను. 1940 మొదలు 1967 వఱకు ఆ నిబంధన నడచినది. మత్తుమందు కేసులో శిక్ష ననుభవించి 1948 మార్చిలో హాలిడే విడుదలయైనది. కొలది దినములకే కార్నెగీ హాలులో ఆమె గానమునకు సభ క్రిక్కిఱిసినది. అయినను చిన్న సంగీతశాలలలో పాడుట కామెకు అనుమతి లేదు. థెలోనియస్ మంక్ 1951 నుండి 1957 వఱకు అదే విధముగా తన సొంత యూరిలో జీవనోపాధి గోల్పోయెను. "ఆ యేండ్లలో వారి సంగీతము నీరసించినది, ఎవరును పిలువలేదు" అని పుస్తకము చదువని రసికుడు చెప్పును. పిలువకపోవుట కాదు, పోలీసు కచేరిలో ఒక చిన్న చీటి యీయకపోవుట. విషాదమును కళకు మూలమని పొగడినచో ఆ చీటి యీయనివాని పేరు అడుగవలసిన పని తప్పిపోవును. అందుకే ఆ పొగడ్త కంత గిరాకి.

టెలివిజనులో జాజును జనులు కోరలేదన్న తీర్పును పరీక్షింతము. 1950 వేసవిలో హేజెల్ స్కాట్ అను పియానో విదుషి డ్యూమాంట్ టెలివిజనులో తన పేరిట కార్యక్రమము నడపినది. అమెరికాలో నల్లజాతి స్త్రీ కట్టి గౌరవము దక్కుట అదియే మొదలు. ఆమెకు కమ్యూనిస్టుల సంబంధము గలదని యొక పట్టికలో నచ్చువేసిరి. సెప్టెంబరున ఆమె తానుగా శాసనసభ విచారణసంఘము నెదుట నిలిచి ఆ నింద నెదిరించినది. వారము దినములకే కార్యక్రమము నిలిచిపోయినది. 1956 నవంబరున నాట్ కింగ్ కోల్ ఎన్.బి.సి. టెలివిజనులో తన కార్యక్రమ మారంభించెను. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ వంటివారు తమ స్థాయికి మిక్కిలి తక్కువ పారితోషికము పుచ్చుకొని వచ్చి పాడిరి. అయినను దేశమంతటను ప్రకటనలిచ్చు సంస్థ యొక్కటియు నతని వెనుక నిలువలేదు; దక్షిణమున తమ సరకు అమ్ముడుపోదని వారి భయము. 1957 డిసెంబరున అతడే విరమించుకొనెను. ఇందు జనుల యిష్టానిష్టములు లెక్కకు వచ్చిన దెచ్చట? సబ్బులు, నూనెలు, అలంకరణ ద్రవ్యము లమ్మువారు వెనుకంజ వేసిరి. ఆ వెనుకంజకు జనాభిరుచి యని పేరు పెట్టిరి.

టెలివిజను ఏమి చేయగలదో అదే 1957 డిసెంబరులో, కోల్ కార్యక్రమము ముగియుటకు కొలది దినములు ముందు, సి.బి.ఎస్. వారు చూపిరి. ది సౌండ్ ఆఫ్ జాజ్ అను ప్రత్యక్ష ప్రసారమది. వేషములు లేవు, తెరచీరలు లేవు. వాద్యగాండ్రు తమ మామూలు దుస్తులతో చుట్టు నిలిచి వాయించిరి. హాలిడే పాడుచుండగా లెస్టర్ యంగ్ లేచి కొలది స్వరములు వాయించును. ఆమె తల యూపుచు చిఱునవ్వుతో అతనిని జూచును. పూర్వమున ఆప్తులై తరువాత దూరమైన యిద్దఱి నడుమ మాటలతో జరుగని సంభాషణ యేదో ఆ చూపులో జరిగినది. 1959లో నాలుగు నెలల యెడముతో నిరువురును గతించిరి. కెమెరా వారి మొగములను గౌరవముతో చూచినంతనే ఇంత లభించినది. ఇట్టివి మఱి నూఱు ఏల లేకపోయెనని యడుగుటకు మాఱుగా, టెలివిజనుకును జాజునకును పొసగదని తేల్చువారిని చూచి యేమనవలయును?

నేను ఉపాధ్యాయుడను గాన విప్లాష్ చిత్రమును గూర్చి యుపేక్షింపజాలను. 2014 నాటి యీ చిత్రము మూడు ఆస్కారులు పొందినది. మన యిండ్లలోని యువకులు దీనిని మిక్కిలి చూచియున్నారు. ఇందలి గురువు శిష్యులను బూతులాడును, చెంపలు వాయించును, కుర్చీ విసరును. తన క్రౌర్యమునకు ప్రమాణముగా అతడొక కథ చెప్పును: పార్కర్ బాలుడుగ నున్నపుడు తప్పు వాయింపగా డోలు వాయించు జో జోన్స్ అతని తలకు గుఱిపెట్టి కంచుతాళము విసరెననియు, ఆ తల తెగుట కొంచెములో తప్పెననియు, ఆ యవమానమే పార్కరును మహావిద్వాంసుని జేసెననియు. జరిగినది వేఱు. 1936 ప్రాంతమున కాన్సస్ సిటీలో జోన్స్ ఆ తాళమును బాలుని కాళ్లకడ నేలమీద పడవేసెను. ఇక చాలు, దిగుమని తెలుపుటకు. సభ నవ్వినది, బాలుడు సిగ్గుపడెను. అంతవఱకు నిజము. కాని యతనిని విద్వాంసుని చేసినది ఆ నవ్వు గాదు. మఱుసటి వేసవిలో నతడు ఓజార్క్ కొండల ప్రాంతమున నొక విహారస్థలమున కొలువునకు గుదిరి, లెస్టర్ యంగ్ రికార్డులు వెంట గొనిపోయి, ఆ స్వరములన్నియు నొక్కొక్కటిగా నేర్చుకొని, సహవాద్యగాండ్ర వలన స్వరసమ్మేళన సూత్రము లభ్యసించెను. గురువుల దయ, సొంత దీక్ష, వినుటకు తీరిక, ఇవి యతనిని పెంచినవి.

ఈ తప్పు కథ మన దేశమున నేల యింత నచ్చును? మనకు బెత్తముమీద పూర్వమునుండి భక్తి గలదు గనుక. "దండించినవాడే గురువు" అను మాటకు సముద్రము లావలి నుండి సాక్ష్యము దొరకినందుకు తండ్రులు సంతసించుచున్నారు. ఇరువది యేండ్లుగా పాఠము చెప్పుచున్న యనుభవముతో మనవి చేయుచున్నాను: భయపడిన పిల్లవాడు తప్పు చేయుట మానడు, తప్పును దాచుట నేర్చును. తప్పు చేయుటకు ధైర్యము లేనిచోట అప్పటికప్పుడు కల్పించు సంగీతము పుట్టనే పుట్టదు. జాజును జూపి దండనను సమర్థించుట ఆ సంగీతపు ప్రాణమునకే విరుద్ధము.

ఇచట కొందఱు ఆక్షేపింతురు. "అయ్యా, పగలెల్ల పనిచేసి వచ్చి పాట వినువాడు ఇంత చరిత్ర చదువవలయునా? రసాస్వాదనకు పరీక్ష యుత్తీర్ణుడు గావలయునా?" ఎంతమాత్రము వలదు. వినుటకు హృదయము చాలును. పాట నచ్చలేదని చెప్పుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. కాని "నాకు నచ్చలేదు" అనుట యొకటి, "అతనికి రాదు" అనుట మఱియొకటి, "అది చచ్చినది" అనుట మూడవది. మొదటి దానికి చెవి చాలును. తక్కిన రెండింటికి విచారణ కావలయును. మఱియు నేను పామరుని నిందించి పండితుని పొగడుట లేదు. పండితులును ఇంతే యలవోకగా పలికిరి. 1961లో డౌన్‌బీట్ పత్రికలో నొక విమర్శకుడు జాన్ కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీల వాద్యమును జాజునకు విరోధియని వ్రాసెను. కోల్ట్రేన్ కోపింపలేదు, మఱుసటి యేట అదే పత్రికలో ఓర్పుతో సమాధానము చెప్పెను, 1964 డిసెంబరున ఎ లవ్ సుప్రీమ్ వాయించెను. 1965లో డ్యూక్ ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవ మీయవలెనని సంగీత నిర్ణాయకులు చేసిన సిఫారసును పులిట్జర్ సంఘమువారు త్రోసిపుచ్చిరి. ముగ్గురు నిర్ణాయకులలో ఇద్దఱు రాజీనామా నిచ్చిరి. అతడు 1974లో గతించెను. అతని శతజయంతి యగు 1999లో ఆ సంఘమే యతనికి ప్రత్యేక గౌరవ మొసగినది. తీర్పు దిద్దుకొనుటకు ముప్పదినాలుగేండ్లు పట్టినది. అప్పటి కందుకొనుటకు చేయి లేదు.

జాజ్ చచ్చినదన్న చివరి మాట యిట్లు పుట్టినదే. 2001లో కెన్ బర్న్స్ అమెరికా ప్రజా టెలివిజనున జాజ్ చరిత్రను పది భాగములుగా చూపెను. తొలి దశాబ్దుల కథను ప్రేమతో విస్తరించి చెప్పినందుకు మనము కృతజ్ఞులము. కాని 1961 తరువాతి నలువది యేండ్లను చివరి భాగమొక్కదానిలో ముగించెను. దానిని మాత్రమే చూచినవాడు ఈ సంగీతపు వార్ధక్యమును దర్శించితినని తలచుట యాశ్చర్యమా? 2016 నాటి లా లా ల్యాండ్ చిత్రమున కథానాయకుడగు తెల్ల యువకుడు, జాజ్ చచ్చిపోవుచున్నది, నేను బ్రతికింపవలయునని పలుకును. నిజముగా బ్రతికించువారు, అనగా ప్రతి రాత్రి చిన్న వేదికలమీద వాయించువారు, ఆ చిత్రమున వెనుక వరుసలో నుందురు. చచ్చినదను మాటకొక సౌకర్యము గలదు. చచ్చినవానికి బాకీ తీర్పనక్కఱలేదు, టిక్కెట్టు కొననక్కఱలేదు, మెచ్చుకొని యూరకుండవచ్చును.

ఈ కథ యంతయు పరదేశపుదని మనము తప్పించుకొనజాలము. పెండ్లిలో సన్నాయిమేళమునకు తల యూపి, మేళగానికి భోజనమున వేఱు పంక్తి వేసిన వంశములవారము మనము. కళను లోనికి పిలిచి కళాకారుని వాకిట నిలిపిన నేర్పు మనకెవరును నేర్పనక్కఱలేదు. అందువలననే న్యూయార్కు పోలీసు చీటిని, హాలీవుడ్డు కత్తెరను గుర్తుపట్టుట ఇతరులకంటె మనకు సులభము కావలయును. గుర్తుపట్టకుండుట ఇతరులకంటె మనకు హెచ్చు సిగ్గుచేటు కావలయును.

కావున రసికులారా, మీ యిష్టానిష్టములను మానుడని నేను కోరుట లేదు. వినుడు, చూడుడు, తగవులాడుకొనుడు. సంగీతమును గూర్చి మాటలాడని యిల్లు చీకటి యిల్లు. తీర్పు నోట వచ్చునపుడు మాత్రము మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని చేసినవా రెవరు? నా యెదుటికి రాకముందు దీనిలో కత్తిరింపబడిన దేమి? నేను మెచ్చినపుడు ఆ మెప్పులో ప్రతిఫలము చేరవలసినవారికి చేరినదా? ఈ మూటికి సమాధానము దొరకనిచో, నచ్చినదనియో నచ్చలేదనియో చెప్పి అంతటితో నాగుడు. మీ పిల్లలు ప్రక్కనే కూర్చుండి వినుచున్నారు. వారు మీనుండి పాట నేర్తురో లేదో చెప్పజాలను; ఇతరుల శ్రమను గూర్చి మాటలాడు తీరు మాత్రము తప్పక నేర్తురు.